ముక్తేశ్వరం రేవులో గాలిలో తిరిగిన చక్రం

మొన్న మా అల్లుడుగారు కారుకి ఇంజను పైన అడ్డంగా ఒక ఇనప కడ్డీ బిగించుకొచ్చి, దానివల్ల బండి మలుపుల్లో ఊగకుండా స్టీరింగు మాట వింటోందో లేదో చెప్పమని నన్ను దిండి దాకా తిప్పి తీసుకొచ్చారు. నాకు పెద్ద తేడా తెలియలేదు గాని, ఆ కడ్డీని చూడగానే మనసు ముక్తేశ్వరం రేవుకి పోయింది.

డెబ్బైల చివర, నేను అమలాపురం నుంచి ఒక దినపత్రికకి వార్తలు పంపుతున్న రోజుల్లో, మా మేనమామగారికి ఒక పాత టాక్సీ ఉండేది. గోదావరి దాటి కోటిపల్లి వెళ్ళాలంటే కారుని పంటు, అంటే బల్లకట్టు, ఎక్కించాలి. గట్టు నుంచి వేసిన రెండు బల్లల మీద పాకేటప్పుడు కారు ఒళ్ళంతా మెలి తిరిగి, వెనక తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. అందుకని రేవు చేరగానే కొబ్బరితాడుతో తలుపులు కట్టేసేవాళ్ళం. "బాబుగారు కారుకి మొలతాడు కట్టేరండోయ్!" అని జనం ఒకటే నవ్వు.

ఆ ఎగతాళి పడలేక మావయ్య, మండపేటలో లారీలకి బాడీలు కట్టే షెడ్డుకి వెళ్ళి, కారు కింద మూల నుంచి మూలకి బలమైన ఇనప కమ్మీలు వెల్డింగు చేయించుకొచ్చారు. తలుపులు తెరుచుకోవడం మానేశాయి. మలుపుల్లో బండి పట్టాల మీద పోతున్నట్టు ఉందని ఆయన, గోతిలో పడ్డప్పుడల్లా మా నడుములు విరుగుతున్నాయని వెనక సీట్లో మేము, ఆ ఏడాదంతా వాదించుకున్నాం.

ఆ వాదం మా అక్క పురిటినాడు తేలింది. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే కాకినాడ తీసుకెళ్ళమని డాక్టరమ్మ చెప్పగానే, అక్క తల అమ్మ ఒళ్ళో పెట్టి మిట్టమధ్యాహ్నానికి రేవు చేరాం. వేసవి కావడంతో నీళ్ళు తగ్గి, ఒక బల్ల బురదలోకి దిగిపోయి ఉంది. ముందు చక్రాలు పంటు ఎక్కాయి, అంతే. ఇదివరకైతే ఒళ్ళు మెలితిప్పి నాలుగు కాళ్ళూ ఆనించే కారు, ఇప్పుడు కర్రలా బిగుసుకుపోయి వెనక కుడి చక్రాన్ని గాల్లోకి ఎత్తేసింది. మావయ్య ఎంత తొక్కినా చక్రం ఊరికే తిరుగుతోంది. లోపల అక్క మూలుగు. ఆమెను కదిపే వీలు లేదు.

"ఆ మూల మీద బరువెయ్యండి బాబూ, లోపల ఆడకూతురుందండీ!" అని పంటు నడిపే సరంగు కేకేశాడు. మరుక్షణం జనం దిగివచ్చారు. చేపల గంపలు పక్కన పెట్టి ఆడవాళ్ళు, మెడలో శిలువ గొలుసులున్న ఇద్దరు టీచరమ్మలు, డిక్కీ కుడి మూల మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మడిబట్టలో ఉన్న ఒక పెద్దాయన కూడా వచ్చి, "కాస్త చోటివ్వండమ్మా, నేనూ బరువే" అన్నారు.

"మా దగ్గర నీచువాసన కొడతాదండి!"

"ఫర్వాలేదు తల్లీ, కడుక్కోడానికి పక్కనే గోదారుంది."

చక్రం బల్లని కరుచుకుంది. కారు అందరితో సహా పంటెక్కింది. కోటిపల్లి గట్టున వాళ్ళే ముందు దిగి మాకు దారిచ్చి, తమ బస్సు కోసం పరుగెత్తారు. దండం పెడదామన్నా ఎవరూ ఆగలేదు. ఆ సాయంత్రమే అక్కకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. కమ్మీలు రోడ్డు మీద మంచివే గాని రేవులో కాదని మావయ్య ఆ తరవాత ఒప్పుకున్నారు. కారు గురించి నాకు తెలిసిందీ అంతే.

ఇప్పుడు ఎదుర్లంక దగ్గర గోదావరి మీద వంతెన ఉంది. ఏ ఆడపిల్లా పురిటినొప్పులతో నీళ్ళ అంచున ఆగక్కర్లేదు, అంతకంటే ఏం కావాలి? అయినా అద్దాలు ఎత్తుకుని ఒకరి పక్కనుంచి ఒకరం దూసుకుపోతుంటే, పక్క కారులో ఎవరు ఏ ఆపదలో ఉన్నారో తెలిసే దారి లేదు. వంతెన మీద వెనక ఆంబులెన్సు మోత వినబడితే మాత్రం, మా కారుని పక్కకి తీయించి, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చుంటాను. నా బరువుతో ఇప్పుడు ఎవరికీ పని లేదు.