ఆదివారం విచారణ

నాకు కథ రాయడం నేర్పిన మనిషి ఏడాదిపాటు నన్ను నమ్మలేదు.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. మాది నగరిలో మగ్గాల ఇల్లు. నాకు నేత అబ్బలేదు. స్కూలు ఫైనలు ప్యాసై, చిత్తూరు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాగా చేరాను. పొద్దస్తమానం ఇతరుల తగాదాలను గుండ్రటి అక్షరాల్లో ఎత్తిరాయడమే పని. మధ్యాహ్నం పూట పఠనాలయంలో కూర్చుని, మదరాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ఆయన కథలు చదివేవాణ్ణి. రెండు మూడు కథలు నాకు కంఠతా వచ్చు. ఆయన ఉండేది చిత్తూరులోనే అని ఆలస్యంగా తెలిసింది. నలభై రెండులో జైలుకు పోయి వచ్చారని, బడిలో ఉద్యోగం పోయిందని, ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నారని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు.

ఒక ఆదివారం పొద్దున నేను రాసిన కథ పట్టుకుని వెళ్లాను. ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం. కథ చేతికిచ్చాను. ఆయన దాన్ని చదవలేదు. కాగితాలు తిరగేసి వెనకవైపు చూశారు. అప్పట్లో కాగితం దొరక్క, కోర్టులో పారేసిన ఫారాల వెనక రాసుకునేవాణ్ణి.

“యాడ పనిచేస్తుండావప్పా?”

“కోర్టులో అయ్యా. నకళ్లు రాస్తా.”

“ఈడికి రమ్మని ఎవరు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదు. మీ కథలు సదివి నేనే వచ్చినాను.”

ఆయన ఆ ఫారాలు మళ్లీ ఒకసారి తిప్పి చూశారు. తర్వాత కథ మడిచి పక్కన పెట్టారు. “కథలు తర్వాత. వారమంతా నువ్వు యాడ తిరిగినావో, ఏం చూసినావో, ఎవరితో మాట్లాడినావో రాసుకొని రా” అన్నారు.

అలా మొదలైంది. ఆదివారం ఆదివారం నాలుగు కాగితాలు రాసుకుని వెళ్లేవాణ్ణి. ఆయన ఒక్కో వాక్యం దగ్గరా ఆపేవారు. కోర్టులో ప్లీడర్లు సాక్షిని అడిగినట్టు అడిగేవారు. ఒకసారి, బస్టాండులో జామకాయలమ్మే ముసలామె ఏడ్చిందని రాశాను.

“ఏడ్చిందని నీకెట్ల తెలుసు?”

“కండ్లు ఎర్రగా ఉన్నాయయ్యా.”

“కండ్లు ఎర్రగా ఉంటే ఏడ్చినట్లా? చూసింది రాయి. అనుకొన్నది రాయొద్దు.”

నేను ఆ మాట కొట్టేశాను. ఆశ్చర్యం, కొట్టేసిన తర్వాత ఆ ముసలామె కాగితం మీద బాగా కనబడింది. గది నుంచి బయటికి వచ్చిన మనిషి చేతిలో ఏముంది, ఆ మాట అన్నప్పుడు ఎటు చూస్తున్నాడు, నువ్వు ఎంత దూరంలో ఉన్నావు, నీకు వినబడిందా లేక ఎవరైనా చెప్పారా. ఈ ప్రశ్నలకు భయపడి, వారమంతా కళ్లు పెద్దవి చేసుకుని తిరిగేవాణ్ణి.

అయితే ఒక్క కాగితమూ ఆయన తిరిగి ఇచ్చేవారు కాదు. ఆయన రాసేది నాకు చూపేవారూ కాదు. నేను గేటు తీసిన చప్పుడు వినగానే బల్లమీదున్న కాగితాలు లోపలికి పోయేవి. మా ఆఫీసాయనతో ఈ సంగతి చెబితే నవ్వాడు. “ఇంకేముండాది. నీ సరుకంతా ఆయన పేరుతో అచ్చులో సూస్తావు, ఉండు” అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటినుంచి పత్రిక రాగానే కథలు చదవడం మానేసి వెతకడం మొదలుపెట్టాను. నా మాట ఏదైనా ఉందా, నా మనిషి ఎవరైనా ఉన్నాడా అని. ఆయన ప్రశ్నలు కూడా వేరుగా వినబడసాగాయి. నా దగ్గరున్నదంతా పిండుకుంటున్నారనిపించేది. చివరికి ఒక వారం దొరికింది. ఎవరిదో కొత్త పేరుతో ఒక నేతగాడి కథ. వానలో, వీధిలో పడుగు నూలు పొడవునా సాగదీసి గంజి పెట్టే నేతగాడు. మా నాయన గంజి పెట్టడం గురించి నేను రెండు కాగితాలు రాసిచ్చి నెల కాలేదు. మారుపేరుతో ఆయనే రాశారని తేల్చుకున్నాను.

ఆదివారం పత్రిక తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. “ఇది నాది” అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. “మీ నాయన వానలో గంజి పెడతాడా?” అని అడిగారు.

“వానలో ఎవురు పెడతారయ్యా? ఎండ ఉండాల.”

“మరి ఇది నీదెట్లయితాది? ఈ రాసినోడు మగ్గం ముఖమే చూడలేదు.”

నేను పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాను. ఆయన లేచి లోపలికి వెళ్లి ఒక కట్ట తెచ్చారు. నా కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. మనుషులు వచ్చిన ప్రతి చోటా ఎర్ర గీత. కథ దిద్దిన గీతలు కావవి.

“జైలుకు పోకముందు ఒకడు నీ మాదిరే కథలు పట్టుకొని వచ్చినాడు. ఆరు నెలలు నా అన్నం తిన్నాడు. నా ఇంటికి ఎవరెవరు వచ్చేదీ వాడే పోలీసులకు రాసిచ్చినాడు. నువ్వు కోర్టు కాగితాలతో వస్తివి. నిన్నూ పంపించినారనుకొంటి. అబద్ధమైతే యాడో ఒకచోట తడబడతావని అడుగుతా వచ్చినాను.”

గుమ్మంలో నిలబడిన ఆయన భార్య అందుకున్నారు. “ఆ జామకాయలామె ఉందో లేదో చూసి రమ్మని నన్ను పంపించినాడబ్బా. పోయి కాయలు కొనుక్కొని వచ్చినా. ఆమె కండ్లు ఎర్రగానే ఉండాయి. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే ఆ బస్సుల పొగకు.”

నేను పాఠమనుకున్నదంతా విచారణ. కోపం రావలసింది, రాలేదు. ఇంతకాలం నేనూ ఆయన్ను దొంగ అనుకుంటూనే ఆయన ఇంటి మజ్జిగ తాగాను.

ఆ రోజునుంచి నిజంగా కథల గురించి మాట్లాడారు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబితే, అదే రాయమన్నారు. నూలు దొరకని రోజుల్లో మా ఇంట్లో ఒక నూలు కట్ట పోయింది. నాయన పక్కింటి నేతాయన మీద అనుమానపడి, ఆయనతో మాటలు మానేశాడు. ఆ కట్ట అమ్మి బియ్యం తెచ్చింది మా అమ్మ. ఆ సంగతి నాకొక్కడికే చెప్పింది. మూడుసార్లు తిరగరాయించి, పత్రికకు పంపేముందు ఆయన అడిగారు.

“మీ అమ్మతో చెప్పినావా?”

“చెప్పినానయ్యా” అన్నాను.

చెప్పలేదు. అన్నీ గుచ్చిగుచ్చి అడిగిన మనిషి ఆ ఒక్కటీ నమ్మేశారు.

పేర్లు మార్చాను కాబట్టి ఫరవాలేదనుకున్నాను. కథ అచ్చయింది. నగరిలో ఎవరో కాఫీ హోటల్లో పైకి చదివారట, మా నాయన విన్నాడట. ఇంటికొచ్చి అమ్మను ఒక్క మాటా అనలేదు. మరునాడు పొద్దున్నే పక్కింటికి వెళ్లి, వాళ్ల అరుగుమీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత మళ్లీ ఇద్దరూ కలిసి గంజి పెట్టుకున్నారు.

అమ్మ మాత్రం నేను వెళ్తే అన్నం పెట్టేది, పలకరించేది. అంతే. చిన్నమ్మతో వంటింట్లో ఏదో చెప్పుకుంటూ, నా అడుగుల చప్పుడు వినబడితే ఆపేసేది.