కూర్చున్నచోటే పదివేల అడుగులు

మా సంఘంవాళ్లు నడక పోటీ పెడుతున్నామని చెప్పగానే, అంగడి పక్క సందుకు కూడా ఆటోలో వెళ్లేవాళ్లే ముందుగా పేర్లిచ్చారు. మాది బెంగళూరు పాతపేటల్లో మూడు తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్ల సంఘం. పెళ్లి సంబంధాలు చూడటం, వనభోజనాలు పెట్టడం, ఏడాదికోసారి గొడవపడటానికి సర్వసభ్య సమావేశం జరపడం దాని పనులు. ఈమధ్య దాని కార్యదర్శికి ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది. ఆయన తల వంచి చూస్తే పొట్ట కనపడుతుంది, చెప్పులు కనపడవు. అందరికీ చేతి బ్యాండ్లు టోకున తెప్పించింది ఆయనే. నెలరోజులు బ్యాండు కట్టుకోవాలి. పడుకునేముందు ఆరోజు ఎన్ని అడుగులు పడ్డాయో ఫోనులో చూసి, ఆ బొమ్మ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఎక్కువ నడిచినవాళ్లకు సన్మానం. ఆ అడుగులు ఎక్కడ వేశారు, ఎవరు వేశారు, అసలు వేశారా లేదా అని అడిగే నియమం ఒక్కటీ లేదు.

నేను పేరివ్వలేదు. నాకు నగర్తపేటలో గుండీలు, జిప్పుల టోకు దుకాణం ఉంది. చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం తక్కెడ ముందు కూర్చుని నేర్చుకున్నాను. టోకు వ్యాపారంలో గుండీలను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. వంద గుండీలు చేత్తో లెక్కపెట్టి తూస్తాం. ఆ బరువును బట్టి సంచిలో ఎన్ని ఉన్నాయో చెబుతాం. అయితే వంద తూచిన రకమే సంచిలోనూ ఉండాలి. లోపల వేరే రకం కలిస్తే తక్కెడ బరువు సరిగ్గానే చూపిస్తుంది, మనం చెప్పే లెక్క మాత్రం తప్పుతుంది. చేతి బ్యాండు సంగతీ ఇంతే. దానికి కాళ్లు కనపడవు. చెయ్యి ఊగడం ఒక్కటే తెలుస్తుంది. ఊపు వరుసగా, ఒకే వేగంతో వస్తే మనిషి నడుస్తున్నాడని ఊహిస్తుంది. నిజంగా నడిచేవాడి విషయంలో ఆ ఊహ చాలావరకు సరిపోతుంది. మా సంఘంవాళ్ల విషయంలో సరిపోతుందని ఎవరు చెప్పారు?

మొదటి వారానికే ఆ గ్రూపు చదవడం నాకు మంచి కాలక్షేపమైంది. అగరబత్తుల వ్యాపారి ఒకాయన బ్యాండును ఇంట్లో ఉయ్యాల గొలుసుకు కట్టి, దానిమీద కూర్చుని పేపరు చదువుకునేవాడు. చందాపుర నుంచి రోజూ బస్సులో వచ్చే ఇంకొకాయన, ముందు సీట్లు ఖాళీగా ఉన్నా వెళ్లి చిట్టచివరి సీట్లో కూర్చునేవాడు. గుంతలు అక్కడే బాగా తెలుస్తాయి. వీళ్లు తమ తెలివిని దాచుకోలేదు, అంగడి అంగడికీ తిరిగి చెప్పుకున్నారు. నేను ఒకరోజు కార్యదర్శిని దారిలో ఆపి అడిగాను.

"అన్నా, ఉయ్యాలకు కట్టిన బ్యాండుకు కూడా సన్మానం చేస్తారా?"

"ఏమప్పా, నీకు పనేమీ లేదా? ఉయ్యాల ఊపేకి కాలు నేలమీద తన్నల్ల కదా. అదీ కసరత్తే."

"అయితే బస్సు?"

"బస్సు దిగినాక నడుస్తాడు కదప్పా. సుమ్నే, ఊరికే అందర్నీ అనుమానించొద్దు. ఇదేమన్నా పరీక్షనా? సంతోషానికి పెట్టినాము."

ఉయ్యాలాయన రోజుకు ముప్పై వేలు దాటేసరికి గ్రూపులో నవ్వులు మొదలయ్యాయి. అప్పుడు కమిటీ కూర్చుని, మరీ పెద్ద అంకెలు పంపినవాళ్లను పోటీ నుంచి తప్పించింది. అబద్ధం చెప్పినందుకు కాదు, నమ్మేటట్టు చెప్పలేనందుకు. దాంతో అంతవరకు వెనక ఉన్న మా బావ మొదటి స్థానానికి వచ్చాడు. ఆయనది రోజుకు పదివేలు. ఎవరికీ నవ్వు తెప్పించని అంకె.

మా అక్క భర్తకు కాటన్‌పేటలో యూనిఫారం బట్టల టోకు దుకాణం ఉంది. చాలా ఏళ్లుగా షుగరు. ఆ వేసవిలో డాక్టరమ్మ ఆయనకు మూడు నెలలు గడువిచ్చింది. రోజూ నడిచి, తిండి తగ్గించి, షుగరు దించుకుంటే మాత్రలతో సరిపెడతానంది. లేకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవంది. బావ తండ్రికి ఇదే జబ్బుతో మోకాలి కింద కాలు తీసేశారు. అందుకని ఆ ఇంట్లో సూది మాట ఎత్తితే అక్క ముఖం మారిపోతుంది. ఆమెకు సూది అంటే కాలు తీసేయడానికి మొదటి మెట్టు. అది నిజం కాదని డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆమె వినలేదు. బావ కోసం తనే వెళ్లి తెల్లటి బూట్లు కొనుక్కొచ్చింది.

ఒక సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏరా, చూసినావా? మీ బావ ఫస్ట్ ఉండాడు. దినామూ పదివేలు నడుస్తా ఉండాడు రా. ఇంక ఆ సూది పీడ లేదు."

"ఎప్పుడు నడుస్తా ఉండాడక్కా?"

"ఎప్పుడంటే? అంగట్లోనే అటూ ఇటూ తిరుగుతాడు కదా. నువ్వొకడివి, సంతోషంగా ఒక మాట అనవు."

నేను గ్రూపులో బావ పంపిన అంకెలన్నీ వరుసగా చూశాను. సోమవారం నుంచి శనివారం దాకా పదివేలు, అటూ ఇటూ కొంచెం. ఆదివారం వచ్చేసరికి రెండు వేలు కూడా లేవు. ఆదివారం అంగడి మూత. నడవడానికి తీరిక ఉన్న ఒక్కరోజూ నడవకుండా, ఊపిరాడని వ్యాపారంలో మాత్రం ఇంత నడిచే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆయన అడుగు వేగానికి పదివేలు పూర్తికావాలంటే గంటన్నర పైగా ఆగకుండా నడవాలి. అంత సేపు అంగట్లోనే తిరిగాడనుకుందామంటే, ఆ అంగడి పొడవు మొత్తం పది అడుగులే. అక్క ఇంటికి వెళ్లి గుమ్మం దగ్గర తెల్లబూట్లు తిరగేసి చూశాను. అడుగున అంటించిన సైజు చీటీ ఇంకా ఊడలేదు. బావ కూడా ఉయ్యాలాయన దారి పట్టాడని అనుకున్నాను. ఎవరి చేతికి కట్టి నడిపిస్తున్నాడో పట్టుకోవాలని మర్నాడు కాటన్‌పేట వెళ్లాను.

బావ అంగట్లో పరుపుమీద కాళ్లు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. బడులు తెరిచే రోజులు. దర్జీలు, స్కూళ్లవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. బ్యాండు ఎవరి చేతికో లేదు, ఆయన కుడిచేతికే ఉంది. ఎడమచేత్తో మీటరు కడ్డీ పట్టుకుని, కుడిచేత్తో గుడ్డ లాగి, కడ్డీ కొనకు ఆనించి, మళ్లీ లాగుతున్నాడు. "లాభం, రెండు, మూడు, నాలుగు" అంటూ, ఒకటికి బదులు లాభం అనే పాత పద్ధతిలోనే లెక్క. ఆ చెయ్యి పోవడం రావడం గడియారం లోలకంలా ఉంది. మా తాతల కాలం నుంచి ఆ పేటలో కొలత యజమాని చేతిమీదే జరుగుతుంది. పనివాళ్లు గుడ్డ తానులు తెచ్చి పడేస్తారు, కొలిచి కొసరు వేసేది ఆయనే. కొసరంటే కొలత పైన ఊరికే ఇచ్చే జానెడు గుడ్డ. ఆ జానెడు పోతుందని భయపడి కడ్డీని ఇంకొకరి చేతిలో పెట్టడు.

బావ ఫోను అడిగి తీసుకుని పక్కన కూర్చున్నాను. పాతిక మీటర్ల తాను ఒకటి కొలిచాక చూస్తే అంకె యాభై దాకా పెరిగింది. గుడ్డ లాగినప్పుడు ఒకటి, చెయ్యి వెనక్కి వచ్చినప్పుడు ఒకటి. ఎవరో రెండు మీటర్లు అడిగితే ఏమీ పెరగలేదు. అంత చిన్న ఊపును బ్యాండు నడకగా లెక్కించదు. పెద్ద తాను వచ్చినప్పుడల్లా నడుస్తున్నాడు. ఆ రోజుల్లో ఆయన చేతిమీద రోజుకు మూడు వేల మీటర్లు వెళుతున్నాయి. దానికి రెండింతలు వేసుకుంటే ఆరు వేలు. మడత పెట్టడం, ఆటోలో గుంతలు, ఇంట్లో నాలుగడుగులు కలిపితే పదివేలు సులువుగా వస్తాయి.

నాకు నవ్వు రాలేదు. ఉయ్యాలాయనకు తను నడవలేదని తెలుసు. బావకు తెలియదు.

"బావా, ఈ బ్యాండు ఎడమచేతికి కట్టుకో ఒకరోజు."

"ఎడమచేతికి కడితే కడ్డీకి తగుల్తాదప్పా. ఎందుకు?"

"నువ్వు నడవడం లేదు. గుడ్డ కొలుస్తా ఉండావు."

ఆయన తాను పక్కన పెట్టి నా వైపు చూశాడు. "గుండీల అంగడి మూసేసి ఇది కనుక్కునేకి వచ్చినావా?"

"ఫోను చూడు బావా. ఇప్పుడే కూర్చున్నచోటే యాభై అడుగులు వేసినావు."

"సాయంకాలానికి భుజం లాగుతాది నాకు. ఊరికే లాగుతాదా? ఒళ్లు అలిసితే నడిచినట్టే."

"డాక్టరమ్మ నడవమన్నది కాళ్లతో."

"బిడప్పా, వదిలెయ్. ఫస్ట్ వస్తా ఉండానని ఓర్చుకోలేకుండావు. నువ్వూ ఒకటి కట్టుకో, గుండీలు తూస్తా నడువు."

నిలబడిన దర్జీలు నవ్వారు. బావ కూడా నవ్వి "లాభం, రెండు" అని మళ్లీ మొదలుపెట్టాడు.

అక్కకు చెప్పాను, నమ్మలేదు. కార్యదర్శికీ చెప్పాను. పోటీలో ఉన్నవాళ్లందరినీ ఒక ఆదివారం మైదానంలో నడిపించి, పక్కన ఒకరు నోటితో లెక్కపెడితే ఏ బ్యాండు ఎంత నిజమో తేలిపోతుందన్నాను. కార్యదర్శి గొంతు తగ్గించాడు.

"అప్పా, బ్యానరు ప్రింటుకు పోయినాది. అందరి అడుగులు కలిపితే మన సంఘం కాశీకి పోయి వచ్చినట్టు. ఇప్పుడు నువ్వు తీసేస్తే ఎక్కడ దింపల్ల మమ్మల్ని?"

ఎక్కడ దింపాలో ఆ రాత్రి లెక్కవేశాను. ఉయ్యాల తీసేసి, బస్సు తీసేసి, కొలిచిన గుడ్డ తీసేస్తే, మిగిలిన నడకతో సంఘం కర్నూలు కూడా చేరదు. ఉయ్యాలాయన్ను పోటీలోంచి తప్పించారే గానీ ఆయన అడుగులను కాశీ మొత్తంలోంచి తప్పించలేదు. ఆ ఒక్క విషయంలో కమిటీ చాలా జాగ్రత్తగా పనిచేసింది.

సన్మానం ఘనంగా జరిగింది. బావకు శాలువా కప్పి, తలకు మైసూరు పేటా చుట్టి, పళ్లబుట్ట చేతికిచ్చారు. నడక వల్ల తన జీవితం ఎలా మారిందో ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. పొద్దున్నే లేవాలన్నాడు, లిఫ్టు ఎక్కకూడదన్నాడు. నిజానికి ఆయన అంగడికి మెట్లే లేవు. ముందు వరుసలో కూర్చున్న అక్క కళ్లు తుడుచుకుంది. భోజనాల దగ్గర బావ బొబ్బట్లలాంటి తీపి ఓళిగలు రెండు నెయ్యి పోసుకుని తిన్నాడు. నేను చూస్తుంటే చేతి బ్యాండు చూపించాడు. ఎంత కొవ్వు కరిగిందో కూడా అది చెబుతుందట. నెలరోజులుగా ఆ అంకె చూసుకునే తింటున్నాడని అక్క చెప్పింది, అదొక మంచి పద్ధతి అన్నట్టు.

గడువు రోజు నన్నూ వెంట రమ్మంది అక్క. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. షుగరు దిగలేదు, మునుపటికంటే పెరిగింది. బావ ఫోను తీసి ముందు పెట్టాడు.

"చూడండి మేడం, దినామూ పదివేలు. సంఘంలో నేనే ఫస్ట్. మీ ల్యాబులో ఏమన్నా తప్పు ఉంటాదేమో."

ఆమె ఫోను ముట్టుకోలేదు. "ఒకసారి ఆ వరండా చివరిదాకా వెళ్లి రండి" అంది.

వరండా పెద్దదేమీ కాదు. బావ మామూలుగానే బయలుదేరాడు. తిరిగి వచ్చేటప్పుడు సగంలో కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలో కూర్చున్నాక కూడా ఆయాసం తగ్గలేదు. ఆమె ఆయన చెప్పులు తీయించి రెండు పాదాలూ వేలితో తాకి, ఎక్కడ తాకిందో చెప్పమంది. కుడికాలి బొటనవేలు తాకితే ఆయన చెప్పలేకపోయాడు. ఆ పదివేల సంగతేమిటో నేను చెబుతానేమోనని ఆమె నావైపు చూసింది. బావే చెప్పాడు.

"నేను గుడ్డ కొలుస్తాను మేడం. ఈ చేత్తోనే."

సూదులు రాసిచ్చింది. అక్క అక్కడే ఏడ్చింది. ఇది కాలు తీయడానికి కాదని, కాలు నిలబెట్టడానికని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

ఇంటికి ఆటోలో వస్తుంటే బావ మణికట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. కాటన్‌పేట రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా అంకె పెరుగుతోంది. కాసేపు అలాగే చూసి, బ్యాండు విప్పి అక్క సంచిలో పడేశాడు.

"ఇది నాకంటే ముందు ఇల్లు చేరేటట్టు ఉండాది" అన్నాడు.

సంఘం మళ్లీ పోటీ పెట్టింది. ఈసారి రామేశ్వరమట. ఉయ్యాలాయన్ను క్షమించి చేర్చుకున్నారు, రోజుకు పన్నెండు వేలు దాటకూడదని చెప్పి. పోయినసారి విజేత లేకపోతే బాగుండదని కార్యదర్శి బావ అంగడికి వెళ్లి బతిమాలాడు. బావ కొలత ఆపకుండానే, నాకు తీరికలేదప్పా, సాయంకాలం నడిచేకి పోవల్ల అన్నాడట. కార్యదర్శి అది నాకు తమాషాగా చెప్పాడు. నడిచే తీరిక ఉన్నవాడికి నడక పోటీకి తీరిక లేకపోవడం ఆయనకు అర్థం కాలేదు.

మొన్న అక్క ఇంటికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర తెల్లబూట్లు మళ్లీ తిరగేశాను. ఇప్పుడవి తెల్లగా లేవు. సైజు చీటీ ఊడిపోయింది. కుడిబూటు మడమ బయటి అంచు నున్నగా అరిగింది, ఎడమది కొంచెం తక్కువ.

"ఏం చూస్తా ఉండావురా, చెప్పులంగడివాని మాదిరి?" అంది లోపలినుంచి అక్క.

సూదులు ఇంకా ఆగలేదు. ఈసారి పరీక్షలో షుగరు కొంచెం దిగిందట.