రెండో కళ్ళజోడు

మా చెల్లెలు ప్రసూన రాసిన పుస్తకం తెలుగులో వస్తోంది. వెనక అట్ట మీద వేయడానికి దాని గురించి పది వాక్యాలు రాసివ్వమని ఈ హిందీ ఊళ్ళోని మా తెలుగు సమాజం కార్యదర్శి తిరుమలరావుగారు అడిగారు. "సొంత అక్కగారు రాస్తే ఆ అందమే వేరండి" అన్నారు. అందం సంగతేమో గానీ, మా ఇద్దరి వ్యవహారం పది వాక్యాల్లో తేలేది కాదు. మొత్తం రాసిస్తాను, ఆయనకు కావలసినవి ఆయనే ఏరుకుంటారు.

ప్రసూనకు నలభై ఒక్కేళ్ళు. నా కంటే నాలుగేళ్ళు చిన్నది. ఉండేది నెహ్రూ నగర్‌లో. ఊరి చివర కోని అనే చోట ఉన్న యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. పొద్దున్నే స్కూటర్ వేసుకుని పోతుంది, దారిలో కనబడ్డ ప్రతివాడినీ పలకరిస్తుంది, ఆఫీసుకు ఆలస్యంగా చేరుతుంది, ఆలస్యమెందుకయిందో అక్కడ చెప్తుంది, అందరూ నవ్వుతారు, ఆలస్యం మాఫీ. నేను జీవితంలో ఎక్కడికీ ఆలస్యంగా వెళ్ళలేదు. నా గురించి ఎవరూ నవ్వలేదు, ఏమీ అనుకోలేదు కూడా.

అయిదేళ్ళ కిందట అది హిందీలో పిల్లల పుస్తకం రాసింది. తర్వాత ఇంకో రెండు. మూడింట్లోనూ ఒక అక్క తన చెల్లెలి అల్లరితో ఎలా వేగుతోందో ఆ అక్కే చెప్తుంది. చెల్లెలు రైలు డ్రైవరైన నాన్నగారి డ్యూటీ పెట్టెలో పిల్లికూనను పెట్టి మూత వేస్తుంది, అది గూడ్స్ బండిలో ఝార్సుగూడా దాకా పోయి వస్తుంది. చెల్లెలు అక్క జడలోని ఎర్ర రిబ్బను లాగి కర్రకు కట్టి కాలనీ రోడ్డు మీద నిలబడి సైకిళ్ళు ఆపుతుంది. పక్క క్వార్టర్ సన్యాసిరావుగారు బండి గార్డు కాబట్టి ఎర్ర రంగును దాటలేక రోజూ దిగి నిలబడతారు. అక్క ఒంటిజడతో బడికి పోయి తిట్లు తింటుంది.

ఇవన్నీ జరిగినవే. ఆ జడ నాది. బడిలో తిట్లు తిన్నది నేను. పిల్లికూన పాడుచేసిన పెట్టెను సబ్బు పెట్టి తోమింది కూడా నేనే. చేసినదేమో అది. ఇప్పుడు నా నోటితో, 'నేను, నేను' అంటూ నా బాధలు చెప్పి దండలు వేయించుకుంటున్నది అదే. పడ్డవాళ్ళకు ఏమీ లేదు, పెట్టినవాళ్ళకు శాలువా.

ఆదివారాలు సమాజం హాల్లో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతాను. లాస్య అని తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఒక రోజు నా దగ్గరకొచ్చి, "ఆంటీ, ఆ కితాబ్‌లో రోనేవాలీ దీదీ మీరేనా?" అని అడిగింది. ఏడుపు అక్క. ఊరంతటికీ నేను అదీ. పిల్లల మీద కోపం తెచ్చుకోకూడదు గనక, ఆ రోజు దానికి గుణింతాలు రెండుసార్లు రాయమని ఇచ్చాను.

నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు, కుళ్ళే. నాకు నాలుగేళ్ళప్పుడు అది పుట్టింది. పసిబిడ్డతో నన్ను కూడా చూసుకోలేనని అమ్మ నన్ను టెక్కలిలో అమ్మమ్మ దగ్గర దింపింది. మూడేళ్ళు అక్కడే ఉన్నాను. రెండో క్లాసు దాకా చదివాను. నాకు తెలుగు చదవడం రాయడం వచ్చిందంటే అందుకే. తిరిగొచ్చేసరికి నా మంచం దానిదయింది, నాన్న ఒడి దానిదయింది. ప్రసూనకు ఇప్పటికీ తెలుగు కూడబలుక్కుంటే గానీ రాదు. అందుకనే ఆ మూడింట్లో ఒకదాన్ని తెలుగు చేసే పని నా నెత్తిన పడింది.

"అక్కా, సునో. నాన్న చదవాలక్కా. ఆయన హిందీ పుస్తకం ముట్టుకోరు. నువ్వు తప్ప ఎవరు చేస్తారు?" అంది.

"చేస్తాను గానీ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నువ్వు కల్పించినవి ఉంచను. నిజమే ఉండాలి" అన్నాను.

"నీ ఇష్టమక్కా" అని నా ఫ్రిజ్ తీసి నేను నాన్న కోసం ఉంచిన పెరుగు తినేసి పోయింది.

నాన్న నా దగ్గరే ఉంటారు. జగన్నాథం డ్రైవర్ అంటే ఇక్కడి పాతవాళ్ళందరికీ తెలుసు. డెబ్బై ఎనిమిదేళ్ళు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆయన కళ్ళకు ఆపరేషన్ అయినా చిన్న అక్షరాలు ఆనవు. కాబట్టి పగలు నేను రాసింది సాయంత్రం టీ అయ్యాక చదివి వినిపించేదాన్ని. కోని నుంచి వచ్చే దారిలో ప్రసూన కూడా ఆగి వినేది. పిల్లికూన కథ చదివినప్పుడు నాన్న నవ్వారు. ఆయన నవ్వుకు ముందు శబ్దం ఉండదు. పొట్ట కదులుతుంది, భుజాలు కదులుతాయి, ఆఖరికి దగ్గు వస్తుంది. ఆ నవ్వు చిన్నప్పటి నుంచీ ప్రసూన సొత్తు. ఆయన నా తల నిమిరి, "మా పెద్దది బుద్ధిమంతురాలు. ఒక్క తప్పుడు పని చేసి ఎరగదు" అనేవారు. ఇంటికొచ్చిన వాళ్ళందరితో అనేవారు. ఇప్పటికీ అంటారు. నవ్వు దానికి, మాట నాకు. నా వాటా అది ఒక్కటే కదా అని భద్రంగా దాచుకున్నాను.

మూడు వారాల్లో ఆఖరి అధ్యాయానికి వచ్చాను. అది నాన్న రెండో కళ్ళజోడు కథ.

కళ్ళజోడు పెట్టుకునే డ్రైవరు డ్యూటీలో రెండు జతలు ఉంచుకోవాలి. ఒకటి పగిలితే రెండోది ఉండాలి, లేకపోతే బండి నడపకూడదు. అది రూలు. ఇంజన్లో డ్రైవరు, అసిస్టెంటు సిగ్నలు కనబడగానే పైకి అరిచి ఒకరికొకరు చెప్పుకుంటారు. నాన్న ఆ అలవాటును ఇంటికి కూడా తెచ్చారు. డ్యూటీకి బయల్దేరే ముందు ఆయన పెట్టె తెరిచి ముందు కూర్చుంటే, గుమ్మంలో నిలబడి నేను పేర్లు చదివేదాన్ని. "టార్చి." "ఉంది." "ఎర్ర జెండా." "ఉంది." "రెండో కళ్ళజోడు." "ఉంది." ఒక్కో వస్తువునూ చేత్తో తాకి మరీ చెప్పేవారు. ఆ రెండు నిమిషాలు ఆయన నా మాట వినేవారు. ఇంట్లో మరెవరి మాటా వినేవారు కాదు.

నాకు పదేళ్ళప్పుడు, ప్రసూనకు ఆరేళ్ళు, ఆ పని దానికిచ్చేశారు. "చిన్నది ముచ్చటగా అరుస్తాదే, దాన్ని చెప్పనీ" అన్నారు. అది జెండా అనడానికి బదులు లడ్డూ అనేది. ఆయన పెట్టె వైపు చూడకుండానే నవ్వుతూ ఉంది, ఉంది అనేవారు.

ఆ వారంలోనే దారిలో తనిఖీ జరిగింది. పెట్టెలో కళ్ళజోడు డబ్బా ఉంది, లోపల కళ్ళజోడు లేదు. నాన్నకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసుకున్నారు. పదిహేనేళ్ళ సర్వీసులో మొదటి మచ్చ. మూడో రోజున ఆ కళ్ళజోడు ప్రసూన బడిసంచిలో దొరికింది. అంతకు ముందు అది రెండు సార్లు దాన్ని బొమ్మకు పెట్టి ఆడింది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. నాన్న దాన్ని ఎన్నడూ కొట్టని మనిషి. ఆ రోజు చెంప మీద కొట్టారు. పేర్లు చదివే పని నాకు తిరిగొచ్చింది.

ఇది మా బంధువులందరికీ తెలిసిన కథే. పుస్తకంలో కూడా అలాగే ఉంటుందని, ఆ అధ్యాయం ముందుగా చదవకుండానే తెలుగు చేస్తూ పోతున్నాను. సగం పేజీలో ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. అక్క చెప్తోంది: 'మా చెల్లెలు ముందు ఆ కళ్ళజోడును స్టూలెక్కి పై అలమారలోని చింతపండు జాడీలో దాచింది. తర్వాత భయపడి తన బడిసంచిలోకి మార్చింది.'

చింతపండు జాడీ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. సంచిలో దొరికినదొక్కటే తెలుసు. జాడీ సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉందని ముప్పై అయిదేళ్ళుగా నా నమ్మకం.

ఆ మనిషిని నేను. నా పని లాక్కున్నదన్న మంటతో తీశాను. ప్రసూన చూడదు, నాన్న చేత ఉంది అనిపించేస్తుంది, తర్వాత దాని తప్పు బయటపడుతుంది అనుకున్నాను. తనిఖీ, మెమో, ఇవేవీ అనుకోలేదు. నాన్న తల దించుకుని ఇంటికి రావడం చూశాక జాడీలోంచి తీసి, చింతపండు కడిగి, తుడిచి, దాని సంచిలో పెట్టాను. అది కొట్టించుకుంటుంటే పక్కనే ఉన్నాను.

రెండు రోజులు కలం పట్టలేదు. నిజమే రాస్తానని పెద్ద నోరు చేసుకున్నది నేనే కదా. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగు చేస్తే ఏ గొడవా లేదు. పుస్తకంలో చెల్లెలే దొంగ. నాన్న విని నవ్వుకుంటారు, నేను బుద్ధిమంతురాలినై ఉంటాను. నిజం రాస్తే, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ముందు నా దగ్గరున్న ఆ ఒక్క మాటా పోతుంది. ఆఖరికి ప్రసూన రాసిందే రాశాను. సొంత దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా.

శుక్రవారం సాయంత్రం ప్రసూన కూడా వచ్చింది. సమోసాల పొట్లం విప్పి నాన్నకొకటి ఇచ్చి తను రెండు తీసుకుంది. నేను చదవడం మొదలుపెట్టాను. టార్చి, జెండా, లడ్డూ దగ్గర నాన్న పొట్ట కదిలింది. జాడీ దగ్గరకు వచ్చాను. గబగబా చదివేసి దాటిపోదామనుకున్నాను.

"ఆగాగు. జాడీ ఏటి?" అన్నారు నాన్న. "సంచీలో కదేటి దొరికింది?"

నేను తలెత్తలేదు. ప్రసూనే అందుకుంది. "అరే, అది కల్పన నాన్నా. కథలో కొంచెం మజా ఉండాలి కదా. అందుకని పెట్టాను."

మామూలుగా అంది, సమోసా తింటూ అంది. నా వైపు చూడను కూడా లేదు. కల్పన అన్నాక ఇంక నేను మాట్లాడక్కర్లేదు. దారి ఇచ్చేసింది. ఆ దారి అది ఇవ్వడమే నాకు ఒళ్ళు మండించింది. ముప్పై అయిదేళ్ళు నోరు మూసుకుని ఉన్న గొప్ప కూడా దానికే, ఇప్పుడు నన్ను కాపాడిన గొప్ప కూడా దానికేనా అనిపించింది. మంచితనంతో చెప్పానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కుళ్ళుతో చెప్పాను.

"కల్పన కాదు నాన్నా. దాన్ని జాడీలో పెట్టింది నేను. సంచిలో వేసింది కూడా నేనే."

కాగితాలు నా ఒళ్ళో ఉన్నాయి. నువ్వు చూశావా అని ప్రసూనను అడిగాను, నాన్నకు చెప్పిన గొంతుతోనే.

"చూశానక్కా. పిల్లి కోసం మంచం కింద దూరాను. నువ్వు స్టూలెక్కావు."

"మరి చెప్పలేదేం?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు?" అంది. నవ్వకుండా అన్న మాట దాని నోట అదొక్కటే విన్నాను.

అప్పుడు నాన్న పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. "పెద్ద గుంటా, నువ్వా తీసీసినావు? అచ్ఛా. జాడీలోన?" అని దగ్గు వచ్చేదాకా నవ్వారు. నా పని మీద. నలభై అయిదేళ్ళకు మొదటిసారి ఆ నవ్వు నాకు వచ్చింది. అది ఇలా ఉంటుందని నాకు తెలీదు. అరనిమిషం పాటు నేను నిజంగా సంతోషంగా ఉన్నాను.

తర్వాత ఆయన నవ్వు ఆగింది. మంచం మీద ముందుకు వంగి, ప్రసూన ఉన్న వైపు చెయ్యి చాపారు.

"చిన్నా, ఇలా రాయే. ఏ చెంపని కొట్టినాను?"

"గుర్తు లేదు నాన్నా" అంది ప్రసూన.

"ఎడమ చెంప" అన్నాను నేను.

ఆయన దాని ఎడమ చెంప మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరారు. అది కళ్ళు మూసుకుని కూర్చుంది. కాసేపయ్యాక తల తిప్పి కుడి చెంప కూడా పెట్టింది. దాన్నీ నిమిరారు. కుడి చెంప మీద ఎవరూ కొట్టలేదు. నేను కాగితాలు సర్దుకుని, ఆ వాక్యంలో 'మా చెల్లెలు' కొట్టేసి 'నేను' అని రాసి, వాళ్ళిద్దరికీ మళ్ళీ టీ పెట్టడానికి లేచాను.