రెక్సిన్ అట్ట వేసిన నవల

అందుకే నిన్న అక్కడ ఆపేశాను. రాయాల్సిన వాక్యం ఒక్కటే. అది రాయలేక ఫ్యాను చప్పుడు గురించీ, కెమిస్ట్రీ మేడమ్ గురించీ రాసి పేజీ నింపేశాను. ఇవాళ రాసేస్తున్నాను. మా గ్రౌండ్ ఫ్లోర్ తాతగారు చనిపోయారు.

సోమవారం పొద్దున, సెల్లార్‌లో, తన సీటులో కూర్చునే పోయారు. ఒళ్ళో పేపరు అలాగే ఉంది. నిద్రపోతున్నారనుకుని వాచ్‌మన్ ఆయన కాళ్ళ చుట్టూ మెల్లగా ఊడ్చుకుంటూ వెళ్ళాడట. నాకు ఈ సంగతి అమ్మ చెప్పింది. ఎప్పటిలాగే నా గది తలుపు ఒక్క తోపు తోసి లోపలికి వచ్చి, "కింద తాతగారు పోయారే" అంది. నేను ఫిజిక్స్ పుస్తకం కింద దాస్తున్న కాగితాన్ని అమ్మ చూడను కూడా లేదు. నా మంచం మీద కూర్చుని ఏడ్చింది.

ఈ కాగితాలు ఎప్పటికైనా మీ చేతికి వస్తాయి. ఎలాగో తర్వాత చెప్తాను. ముందు ఆయన గురించి చెప్పాలి. ఆయన మాకు బంధువు కాదు. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. సెల్లార్‌లో ఆయన సీటు అంటే కుర్చీ కాదు, నిజంగా బస్సు సీటే. ఇద్దరు కూర్చునేది, ముందు పట్టుకోవడానికి కమ్మీతో సహా. లిఫ్టు పక్కన గోడకు ఆనించి బిగించుకున్నారు. కిటికీ వైపు తను కూర్చునేవారు. అక్కడ కిటికీ లేదు, అయినా దాన్ని కిటికీ వైపే అనేవారు. ఎవరైనా వస్తే కాస్త జరిగి, "రా, ఖాళీయే" అనేవారు.

మమ్మల్నందరినీ ఫ్లోరుతోనే పిలిచేవారు. నేను థర్డ్ ఫ్లోర్. మా నాన్న పెద్ద థర్డ్ ఫ్లోర్. పక్క ఫ్లాట్ ఆంటీ అలిగి, "మేమూ థర్డ్ ఫ్లోరే కదండీ" అంటే, "మీరు లేడీస్ సీట్లమ్మా" అన్నారు. ఆవిడ వారం రోజులు నవ్వింది.

ఆయనకు పుస్తకాల పిచ్చి. చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత చదువంతా బస్సుల మీదే అనేవారు. పామర్రు దగ్గర పల్లెటూరి నుంచి షెడ్డుకు వచ్చిన కొత్తలో, పెయింటర్ రాసే బోర్డులు చూసి అక్షరాలు బాగా పట్టుబడ్డాయట. కొన్న ప్రతి పుస్తకానికీ సీట్లకు వేసే రెక్సిన్ ముక్కలతో అట్ట వేసి, సీట్లు కుట్టే దబ్బనంతో కుట్టేవారు. మెరూన్, ఆకుపచ్చ, నీలం. వాళ్ళ చర్చిలో సగం బైబిళ్ళు బస్సు సీట్ల రంగులోనే ఉంటాయని ఆయన భార్య మామ్మగారు చెప్పారు. పాస్టరుగారిది సూపర్ లగ్జరీ అట.

నేను ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడతాను, చదవమంటే మాత్రం నాలిక తడబడుతుంది. నాకు భయాలెక్కువ. క్లాసులో అటెండెన్స్ పలకాలన్నా ముందే గొంతు సవరించుకుంటాను. తెలుగులో పాఠం చదవమన్న రోజు ఒత్తుల దగ్గర ఆగిపోతే అందరూ నవ్వారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అసలు నేను ఇంట్లో ఏదీ చెప్పను. అయినా తాతగారికి తెలిసిపోయింది. స్కూలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే పాలప్యాకెట్లు పట్టుకుని వచ్చి పక్కన నిలబడేవారు.

"అదిగో వస్తోంది. వెళ్ళిపోయేలోపు బోర్డు చదివెయ్. కష్టమేం లేదు, బస్సుకి సిగ్గుండదు."

"మే... మైలవరం."

"అద్దీ! తర్వాతది?"

"తాతగారూ, అది వెళ్ళిపోయింది."

"పోతే పోనీ. అదే బస్సు సాయంత్రం మళ్ళీ వచ్చుద్ది."

అలా రెండు నెలల్లో మచిలీపట్నం కూడా ఆగకుండా చదివేశాను. ఆ రోజు ఆయన పాలప్యాకెట్లు పైకెత్తి కప్పు గెలిచినట్టు ఊపారు. ఒకటి చిరిగింది. మామ్మగారితో ఏం చెప్పుకున్నారో తెలియదు.

ఆ పుస్తకం ఇచ్చింది అప్పుడే. ఆకుపచ్చ రెక్సిన్ అట్ట, మూడు వందల పైచిలుకు పేజీలు, ఎప్పుడో రాబోయే కాలంలో జరిగే కథ. "ఇది చదువు థర్డ్ ఫ్లోర్. నీ కోసమే రాసినట్టుంటది" అన్నారు. నేను ఇంటికి తెచ్చి మెటీరియల్ పుస్తకాల కింద పెట్టాను. టెన్త్ అయింది, ఇంటర్ మొదలైంది. పుస్తకం అక్కడే ఉంది. తెలుగులో అంత లావు పుస్తకం అంటే భయం. బస్సు బోర్డు వేరు, ఇది వేరు. ఆయన మాత్రం వారానికోసారి, "ఎంతవరకొచ్చింది మన బస్సు?" అని అడిగేవారు. నేను "సగం తాతగారూ" అనేదాన్ని. ఏడాది పాటు సగంలోనే ఉన్నాను.

పోయిన ఏడాది ఒక సాయంత్రం ఆ సీటులో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ మళ్ళీ అడిగారు. నాకు విసుగొచ్చింది, సిగ్గూ వేసింది. "అయిపోయింది తాతగారూ" అనేశాను.

"అయిపోయిందా! చివరిదాకా?"

"చివరిదాకా."

"ముగింపెట్టా ఉంది మరి?"

"సూపర్ తాతగారూ. అస్సలు ఊహించలేదు."

ఆయన చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. తర్వాత పగలబడి నవ్వారు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. "నేను కూడా ఊహించలేదమ్మా" అన్నారు. లోపలికి కేకేశారు. "ఏమేవ్! ఈ పిల్లకి ఇంకో గుప్పెడు కాయలు తెచ్చిపెట్టు. ముగింపు దాకా చదివేసిందంట!" నేను కాయలు తినేసి పైకి వచ్చేశాను. బతికిపోయాననుకున్నాను. ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు. ఒక్కసారి మాత్రం లిఫ్టు దగ్గర, "రెండోసారి కూడా చదువు. రెండోసారి ఇంకా బాగుంటది" అన్నారు.

ఇప్పుడు అసలు భయం గురించి. రేపు సాయంత్రం సెల్లార్‌లో ఆయన జ్ఞాపకార్థ కూడిక. కుర్చీలు వేస్తారు, మైకు పెడతారు, చర్చివాళ్ళూ షెడ్డువాళ్ళూ అందరూ వస్తారు. బుధవారం నేను కిందికి వెళ్తే మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "రేపు ఆదివారం నువ్వు రెండు మాటలు మాట్లాడాలమ్మా. ఆ పుస్తకం ముగింపు గురించి చెప్పు. నువ్వు చదివావని ఎంత మురిసిపోయారో" అన్నారు. సరేనని తలూపాను. పైకి వచ్చి పుస్తకం తీశాను. మూడు రోజులుంది. చనిపోయినాయనకు చెప్పిన అబద్ధాన్ని మైకులో మళ్ళీ చెప్పకూడదంటే చదవడం ఒక్కటే దారి.

మొదటి పది పేజీలు బస్సు బోర్డుల్లాగే చదివాను, ఒక్కో మాట. ఆ తర్వాత ఎప్పుడు ఆగడం మానేశానో తెలియదు.

ఆ కథలో ఒక నగరం. అక్కడ ఇళ్ళకు తలుపులుండవు. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకు తలుపులెందుకని ప్రభుత్వం అన్నీ ఊడబీకించేసింది. ఎవరైనా ఎప్పుడైనా ఎవరింట్లోకైనా రావచ్చు. తలుపు అనే మాట పిల్లలకు తెలియదు కూడా. అందులో ఒక అమ్మాయి ఉంటుంది. అన్నిటికీ భయపడుతుంది, అన్నీ దాచుకుంటుంది. పాత గోడౌన్ వెనక చెక్కముక్కలు ఒక్కొక్కటే పోగుచేసి, ఎవరికీ తెలియకుండా ఒక తలుపు తయారుచేస్తుంది. గోడలు లేవు, కప్పు లేదు, ఒట్టి తలుపే. రోజూ సాయంత్రం వెళ్ళి దాని వెనక నిలబడుతుంది. నేను పుస్తకం మూసి నా గది తలుపు వైపు చూశాను. తాతగారు ఇది నా కోసమే రాసినట్టుంటదని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. రెండేళ్ళు దీన్ని కెమిస్ట్రీ కింద పెట్టాను.

మా ఇంట్లో తలుపు కొట్టే మనిషి ఆయనొక్కరే. నీళ్ళ మోటారు గురించి చెప్పడానికి పైకి వస్తే, తెరిచి ఉన్న వీధి తలుపును కూడా వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి బయటే నిలబడేవారు.

"తీసే ఉందిగా బాబాయిగారూ, రండి" అనేది అమ్మ.

"తీసున్న తలుపు కొట్టకూడదని ఎక్కడుందమ్మాయ్?"

ఒకసారి ఆయన ఉండగానే అమ్మ నా గదిలోకి దూసుకొచ్చింది. నేను ఉలిక్కిపడి నోట్‌బుక్ కింద పడేశాను. తాతగారు హాల్లోంచి అంతా చూసి, "ఈసారి కొట్టి చూడమ్మాయ్" అన్నారు.

"నా కూతురి గదికి నేను కొట్టేదేంటండీ! కొడితే ఏమవుద్ది?"

"ఏమీ అవదు. తీస్తది. అంతే."

అమ్మ నవ్వేసి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. ఆ మర్నాడు మళ్ళీ తోసుకునే వచ్చింది.

సరే, నవల. నిన్న మధ్యాహ్నం చివరికి వచ్చాను. ఆ అమ్మాయి తలుపు వెనక నిలబడి ఉంటుంది. అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఎవరో వచ్చి తలుపు అవతల ఆగుతారు. తలుపు అంటే ఏమిటో ఎవరికీ తెలియని ఊళ్ళో, ఎవరో చెయ్యి ఎత్తి మెల్లగా కొడతారు. నేను పేజీ తిప్పాను.

అవతల తెల్లకాగితం. దాని మీద తాతగారి రాత, బోర్డు అక్షరాల్లా గుండ్రంగా: "చివరి పదహారు పేజీలను మా షెడ్డులో వెల్డరు పొరపాటున గ్రీజు తుడవడానికి వాడేశాడు. అందుకని తెల్లకాగితాలు పెట్టి కుట్టాను. చదివినవారు తమ ముగింపు రాసి పుస్తకం తిరిగి ఇవ్వగలరు."

ముగింపే లేదు! నేను సూపర్ అన్న ముగింపు, అస్సలు ఊహించని ముగింపు. మొహమంతా వేడెక్కిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేలా ఎందుకు నవ్వారో, కాయలు ఎందుకు పెట్టించారో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. కాసేపటికి ముసుగులో నాకే నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.

లేచి మిగతా పేజీలు చదివాను. ఎన్ని రకాల చేతిరాతలో! ఒక కండక్టర్ గారు, "తలుపు తీసేలోపు బస్సు వచ్చింది. అందరూ ఎక్కి వెళ్ళిపోయారు, టికెట్లు నేనే కొట్టాను" అని ముగించేశారు. వెల్డరు క్షమాపణలతో మొదలుపెట్టి రాసినదాంట్లో, కొట్టింది నగరం పెద్ద అధికారే. పట్టుకోవడానికి రాలేదు. ఎవరూ చూడకుండా అయిదు నిమిషాలు ఏడ్చుకోవడానికి చోటు అడగడానికి వచ్చాడు. ఆ పేజీ మూల నల్లటి వేలిముద్ర ఉంది. మామ్మగారిది ఒక్క లైను: "వచ్చింది ఎవరైతేనేం, ముందు అన్నం పెట్టాలి." ఎవరో, "ఇంకో కాపీ కొంటే సరిపోయేది కదండీ" అని రాస్తే, కింద తాతగారి జవాబు: "కొన్నాను. చదివాను. మనవే బాగున్నాయి."

చివరి కాగితం ఖాళీ. పైన పెన్సిల్‌తో మాత్రం, "థర్డ్ ఫ్లోర్ కోసం. ఎవరూ వాడొద్దు" అని ఉంది.

పుస్తకం పట్టుకుని కిందికి వెళ్ళాను. మామ్మగారు బియ్యం ఏరుతున్నారు. "మామ్మగారూ, నేను అప్పుడు చదవలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను. ఇంత పెద్ద నిజం నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

"తెలుసు తల్లీ. ఆ రోజే చెప్పారు."

"కోపం రాలేదా ఆయనకి?"

"కోపమా! 'లేని ముగింపుని సూపరంది చూశావా, ఈ పిల్ల బ్రహ్మాండంగా రాసుద్ది' అన్నారు. అప్పుడే పేజీ రిజర్వు చేశారు. రిజర్వేషన్ సీటులో వేరేవాళ్ళని కూర్చోనివ్వరు కదా ఆయన."

"మరి రేపు నేను ఏం మాట్లాడాలి?"

"ఇప్పుడు నాతో చెప్పిందే చెప్పు. అక్కడున్నోళ్ళలో సగం మంది సగంలోనే ఆపి ఆయనకి అబద్ధం చెప్పినోళ్ళే."

అందుకే రాస్తున్నాను. కూడిక అయ్యాక పుస్తకం మళ్ళీ సెల్లార్‌లో ఆయన పుస్తకాల అలమరాలోకి వెళ్తుంది. నా ఒక్క పేజీ నాకు చాలదు, అందుకే నోట్‌బుక్‌లోంచి చింపిన ఈ కాగితాలను దబ్బనంతో వెనక కుట్టమని మామ్మగారిని అడుగుతాను. అలా నా తర్వాత పుస్తకం తీసుకున్న మీ చేతికి ఇవి వస్తాయి. మైకు అంటే ఇప్పటికీ భయమే. అయినా చెప్తాను. బస్సుకి సిగ్గుండదు అనుకుని గడగడా చదివేస్తాను.

ముగింపు మాత్రం ఇంకా దొరకలేదు. పొద్దున్నించీ మూడుసార్లు రాసి కొట్టేశాను. తలుపు కొట్టింది ఎవరు? ఆ ఊళ్ళో కొట్టడం ఎవరికి తెలుసు? ఎవరు నేర్పి ఉంటారు? ఒకవేళ

ఎవరో తలుపు కొడుతున్నారు.

నా గది తలుపే. నాన్న షామియానా మాట్లాడటానికి వెళ్ళారు. ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. అమ్మ కొట్టదు. కాగితాలు పుస్తకంలో పెట్టేశాను, పుస్తకం కెమిస్ట్రీ కిందికి తోసేశాను. చేతులు వాటంతటవే దాచేశాయి. తిరిగి బయటికి తీసి రాస్తున్నాను.

మళ్ళీ. వేలి కణుపుతో, మెల్లగా, మూడుసార్లు. తలుపుకి గడియ లేదు, తోస్తే వచ్చేస్తుంది. తలుపు కింద సందులో అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి. కదలట్లేదు, తోయట్లేదు. నేను తీసేదాకా నిలబడేలా ఉంది.