మధ్య పేజీ దొంగ

మా వీధి చివర మేడమీద ఉండే తపాలా బాబాయిగారికి ఉన్నది ఒకటే అలవాటు. ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒక వస్తువు పట్టుకుపోతారు. అడిగి కాదు, అలాగని చాటుగానూ కాదు. మన కళ్ళముందే, మనతో మాట్లాడుతూనే, మనం ‘అదేంటండీ’ అనేలోపు పాత ఖాకీ చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగిపోతారు. పోస్టుమాన్‌గా ఉన్నన్నాళ్ళూ ఇంటింటికీ తెచ్చి ఇచ్చారు కదా, రిటైరయ్యాక ఆ లెక్క సరిచేసుకుంటున్నారని మా వారు నవ్వుతారు. మా వారికి ఏదైనా నవ్వులాటే. ఒళ్ళు మండేది నాకు.

పోనీ తీసుకెళ్ళే వస్తువైనా సవ్యంగా తీసుకెళ్తారా? ఎదురింటి పెద్దాయన చదరంగం బల్లంతా వదిలేసి ఒక్క గుర్రాన్ని పట్టుకెళ్ళారు. మూలింటి టీచరమ్మ కళ్ళజోడు వదిలేసి దాని పెట్టె తీసుకెళ్ళారు. బల్లంతా పోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఒక్క గుర్రాన్ని ఏ కొట్లో అమ్ముతారండీ? ఆ వస్తువు కావాలంటే వీధి చివరిదాకా వెళ్ళి, ఆ మేడ మెట్లెక్కి, ఈయన్ని బతిమాలుకుని తెచ్చుకోవాల్సిందే.

మా ఇంట్లో ఆయన కన్ను పేపరు మధ్య పేజీ మీద పడింది. అదే నేను భరించలేకపోయాను. ఎందుకంటే ఆ పేజీ మా మావయ్యగారి ప్రాణం. ఆయన జీవితమంతా అచ్చు తప్పులు దిద్దే ఉద్యోగం చేశారు. ఇప్పటికీ ఎర్ర పెన్ను లేకుండా పేపరు ముట్టరు. సంపాదకీయంలో ఒక్క తప్పు దొరికిందంటే ఆ రోజంతా ఇంట్లో అందరితోనూ ప్రేమగా మాట్లాడతారు.

పోయిన చలికాలంలో ఒక ఉదయం ఆ ఎర్ర పెన్ను ఆయన చేతిలోంచి జారిపోయింది. తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. మూతి ఒక పక్కకు వంగింది, మాట ముద్దగా వచ్చింది. పరుగుమీద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అదృష్టవశాత్తూ చిన్న స్ట్రోకుతోనే బయటపడ్డారు. చేయి తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడి కాలు మాత్రం కొంచెం ఈడ్చడం మిగిలింది.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

“ఈయనకి షుగరు, బీపీ, పొట్ట మూడూ ఉన్నాయి. ఒంట్లో ఇన్సులిన్ లేక కాదమ్మా. అది వెళ్ళి తలుపు కొడుతూనే ఉంది, కండరాలే తలుపు తీయడం లేదు. దాంతో షుగరంతా రక్తంలోనే తిరుగుతూ నాళాల్ని పాడుచేస్తోంది. మాత్రలు మానకూడదు. వాటితో పాటు తిన్నాక కాసేపు నడవాలి. నడిస్తే కండరాలు తలుపు తీస్తాయి. ఈ వయసులో ఇలాగే కూర్చుంటే మళ్ళీ స్ట్రోకు వస్తుంది. అది ఇంత తేలిగ్గా పోదు.”

విన్నారుగా? ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మావయ్యగారు కుర్చీ దిగలేదు. బూట్లు కొన్నాం, పెట్టె విప్పలేదు. చేతికర్ర కొన్నాం, దానిమీద తువ్వాలు ఆరేసుకున్నారు.

“మావయ్యా, ఆ గేటుదాకా వెళ్ళొద్దాం రండి.”

“వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ‘అయ్యో పాపం, కాలు’ అంటుంటే వినడానికా? నేను రాను.”

“పోనీ హాల్లోనే నడవండి.”

“హాల్లో నడవడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా?”

ఇక నేనేం చెయ్యను? మాత్ర చేతిలో పెట్టి, ఆ కుర్చీకేసి చూసి పళ్ళు నూరుకునేదాన్ని. రాత్రిళ్ళు ఆయన దగ్గితే లేచి కూర్చునేదాన్ని. భయం వేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తపాలా బాబాయిగారు మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు రావడం మొదలుపెట్టారు.

“ఏమోయ్, సంపాదకీయం ఎలా ఉంది?”

“ఇంకా మొదలుపెట్టలేదు. పైపైన చూస్తేనే ఘోరంగా ఉంది.”

“అలాగా? చూసి ఇస్తా.” మధ్య పేజీ లాగి, నాలుగు మడతలు పెట్టి, జేబులో కుక్కుకున్నారు.

“ఇదిగో, ఇదిగో! నేనింకా చదవలేదు!”

“ఇంటికొచ్చి తీసుకో.”

అంతే, గేటు చప్పుడు! స్ట్రోకు వచ్చి లేచిన మనిషి దగ్గర పేపరు లాక్కుపోవడానికి ఎంత గుండె కావాలి! నేను కొంగు బిగించి వెంటపడ్డాను.

“బాబాయిగారూ, ఆ పేజీ ఇటివ్వండి. నేను తీసుకెళ్తాను.”

“కుదరదమ్మా. ఎవరి పేరున ఉన్నది వాళ్ళకే ఇవ్వాలి. రూల్సు.”

“మీరు రిటైరయ్యారు కదండీ!”

“నేను రిటైరయ్యాను. రూల్సు రిటైరవ్వవు.”

నేను తిరిగొచ్చేసరికి మావయ్యగారు బూట్ల పెట్టె విప్పుతున్నారు. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. “వాడి సంగతి ఇవాళ తేల్చుకుంటా” అంటూ గేటు దాటారు. చాలాసేపటికి చెమటలు కక్కుతూ, పేజీ పట్టుకుని వచ్చారు. “వాడింటికెళ్తే, చదవమని సెలూన్లో ఇచ్చానన్నాడు. సెలూన్‌కెళ్తే, టైలర్ పట్టుకెళ్ళాడన్నారు. వీళ్ళకి బుద్ధుందా అసలు?”

మర్నాడూ అదే వరస. ఆ మర్నాడూ అదే. నేను రెండో పేపరు వేయించాను. బాబాయిగారు రెండు మధ్య పేజీలూ పట్టుకెళ్ళారు. పైగా, “దుబారా చేస్తున్నావమ్మా” అని నాకు సుద్దులు!

మా వారితో చెప్పుకున్నాను. ఆయన యథాప్రకారం నవ్వారు. “పోలీసులకి చెబుదామా? ఏమని రాయమంటావు, పావు పేపరు పోయిందనా?”

ఇంట్లో న్యాయం జరగదని తేలిపోయింది. రోజూ భోజనానికి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళేదాన్ని, ఒకరోజు మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టాను. మావయ్యగారు బయల్దేరాక, కనపడకుండా వెనకే నడిచాను. అందరి ముందూ బాబాయిగారిని పట్టుకుని కడిగేయాలని నా ఉద్దేశం.

సెలూన్ దగ్గర మొదటి వింత. మావయ్యగారు వచ్చే వేళకు గుమ్మంలో స్టూలు సిద్ధంగా ఉంది. “పేజీ ఇక్కడ లేదండీ, టైలర్ దగ్గరుంది. ఒక్క నిమిషం కూర్చుని వెళ్ళండి” అన్నాడు సెలూనతను, పాఠం అప్పజెప్పినట్టు. టైలర్ కొట్టు ముందు ఎప్పుడూ దారికడ్డంగా ఉండే గుడ్డల మూటలు లేవు. మెట్టుమీద గోనెపట్టా పరిచి ఉంది. అవతలి వైపు గోడవారగా ఎవరో గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. ఎండా లేదు, వానా లేదు. గొడుగు కింద ఆ పాత ఖాకీ జేబు చూసి గుర్తుపట్టాను.

“సిగ్గు లేదండీ మీకు?”

“గట్టిగా అరవకమ్మా, వింటాడు!”

“వినాలనే అరుస్తున్నాను! ఆ మనిషికి ఏమైనా అయితే?”

“అందుకే కదా వెనకాల వస్తున్నా. ఒకసారి చూడు, కాలు ఈడుస్తున్నాడా?”

చూశాను. మావయ్యగారు టైలర్‌ని తిట్టడంలో మునిగిపోయి, చెయ్యి ఊపుకుంటూ మెట్టు దిగుతున్నారు. కాలు కాస్త ఈడుస్తూనే ఉంది. ఆ సంగతి ఆయనకు మాత్రం గుర్తులేదు.

“ఉద్యోగమంతా తలుపులు కొట్టినవాణ్ణమ్మా” అన్నారు బాబాయిగారు. “కొడితే తీయనివాడు ఉంటాడు. వాడే బయటికొచ్చేలా చెయ్యాలి. రోగివి, నడువు అంటే మీవాడికి నామోషీ. దొంగని పట్టుకోవడానికైతే మహారాజులా నడుస్తున్నాడు.”

“మరి ఆ గుర్రం? కళ్ళజోడు పెట్టె?”

“ఇద్దరికీ షుగరే.”

“ఇన్నాళ్ళూ నా వస్తువొకటీ పట్టుకెళ్ళలేదేం?”

“నీకింకా వయసుంది. నీ దువ్వెన జోలికి అప్పుడే రాను.”

కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది. “ఒక్క మాట నాకు చెప్పొచ్చు కదండీ!”

“చెబితే నన్ను అంత బాగా తిడతావా? నువ్వు తిట్టబట్టే వాడు నమ్మాడు.”

చూశారా! నా కోపాన్ని కూడా పట్టుకుపోయి వాడుకున్నారీయన. అప్పటిదాకా నిజంగా తిట్టాను. మర్నాటి నుంచి నటించి తిట్టాల్సి వచ్చింది. అది ఇంకా కష్టం.

తర్వాత పరీక్షలకు వెళ్తే డాక్టరమ్మ కాగితాలు తిరగేసి ముచ్చటపడింది. షుగరు దిగింది, బీపీ అదుపులోకి వచ్చింది, నడుము తగ్గింది. “ముప్పు పూర్తిగా పోయిందని అనను కానీ బాగా తగ్గింది. ఏం చేస్తున్నారేంటి?”

“ఏమీ చేయట్లేదమ్మా” అన్నారు మావయ్యగారు. “ఒక దొంగ వెంట పడుతున్నా.”

ఆ తర్వాత ఉన్నట్టుండి బాబాయిగారి రాక ఆగిపోయింది. మోకాలు బెణికిందని తెలిసింది. వారం గడిచినా రాలేదు. మధ్య పేజీ నలగకుండా బల్లమీద పడి ఉంటోంది. మావయ్యగారు దాన్ని ఎర్ర పెన్నుతో ముట్టుకోను కూడా లేదు. చివరికి బూట్లు వేసుకున్నారు. నేనూ వెంట వెళ్ళాను.

బాబాయిగారు కుర్చీలో కూలబడి రేడియో వింటున్నారు. పక్కన ఇన్సులిన్ సూది పెట్టె ఉంది. ఆయనకూ షుగరేనని అప్పుడే తెలిసింది.

“మోకాలు తగ్గలేదా?”

“తగ్గిందోయ్. నడవమన్నారు కూడా. బద్ధకంగా ఉంది. సూది వేసుకుంటున్నాగా, చాల్లే.”

మావయ్యగారు రేడియో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. వెనక మూత తీశారు. బ్యాటరీలు జేబులో వేసుకుని, ఖాళీ రేడియో ఆయన ఒళ్ళో పెట్టేశారు.

“అదేంటోయ్! వార్తలు వస్తున్నాయి!”

“ఇంటికొచ్చి తీసుకో.”

మెట్లు దిగుతూ నా చెవిలో అన్నారు: “నాకు మొదట్నుంచీ తెలుసమ్మా. తెలుసని వాడికి చెప్పకు, మానేస్తాడు. నువ్వు మాత్రం తిట్టడం ఆపకు.”

ఈ ముసలాళ్ళిద్దరి మధ్యా నా కోపమొక్కటే నిజమైనదన్నమాట! ఎంత మండిందో చెప్పలేను.

ఆ సాయంత్రమే బాబాయిగారు గోడ పట్టుకుంటూ, రొప్పుతూ మా గేటు దగ్గరికి వచ్చారు. “అమ్మాయ్, నా బ్యాటరీలేవీ?”

లోపల బల్లమీదే ఉన్నాయి. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

“ఇక్కడ లేవండీ. మావయ్యగారు సెలూన్లో ఇచ్చారట.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. మొహం ఎర్రబడింది. “మీ ఇంట్లో వాళ్ళకి బొత్తిగా మర్యాద లేదమ్మా!” అని విసురుగా తిరిగి, సెలూన్ వైపు గబగబా నడిచారు. నేను చెప్పులు వేసుకుని, గొడుగు అడ్డం పెట్టుకుని, వెనకాలే బయల్దేరాను.