ఇమ్మాన్యుయేల్ గారి గోడలు

ఇమ్మాన్యుయేల్ గారి చేతికి రిమోట్ చిక్కిందంటే ఆ ఇంట్లో టీవీ ముందుకు కదలదు. ఆయన బొమ్మను ఆపుతారు. ఆపి మెచ్చుకుంటారు. మెచ్చుకోవడం అయ్యాక నడుపుతారు, నాలుగు మాటలు వినపడగానే మళ్ళీ ఆపుతారు. ఇరవై నిమిషాల ఎపిసోడ్ ఆయన సమక్షంలో గంట దాటేది. పిస్కాటవేలో ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ ఆయన పక్కన కూర్చుని ఏదీ చూడరు. కౌశిక్‌కి మాత్రం తప్పించుకునే దారి లేదు, అతను ఆ ఇంట్లోనే పైగదిలో అద్దెకుంటున్నాడు.

కౌశిక్‌ది కరీంనగర్. ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చాడు. చదువు మాట ఎలా ఉన్నా, యానిమే అనే జపాన్ బొమ్మల కథల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. బడి నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా టీవీ ముందు కూలబడి చూసిన ‘మేఘాల పడవ’ అంటే అతనికి ప్రాణం. ఆకాశంలో పడవ నడిపే అన్నాచెల్లెళ్ళు తమను వదిలిపోయిన తల్లిని వెతుక్కునే కథ అది. తల్లి దొరుకుతుందో లేదో తేలే సమయానికి కౌశిక్ పదో తరగతిలోకి వచ్చాడు, వాళ్ళ నాన్న కేబుల్ పీకించేశాడు. ఆ ముగింపు బాకీ పెట్టుకునే ఇంజనీరింగ్ పూర్తి చేశాడు, విమానమూ ఎక్కాడు.

ఇక్కడ ఇమ్మాన్యుయేల్ గారి కూతురు అబిగేల్ ఆ సిరీస్ మొత్తాన్ని వెతికి పట్టింది. మాటలు జపనీస్, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషులో డబ్ చేసింది పెడదామని ఎవరైనా అంటే అబిగేల్, కౌశిక్ ఒక్కసారే చెవులు మూసుకునేవారు. శనివారం మధ్యాహ్నం పలావు తిన్నాక హాల్లో సభ తీరేది. ఇమ్మాన్యుయేల్ గారి భార్య నవోమి ఆ వేళకు ఆస్పత్రి డ్యూటీలో ఉంటుంది కాబట్టి మిగిలేది నలుగురు. కార్పెట్ మీద ముందు వరుసలో కౌశిక్, అబిగేల్. వెనక సోఫాలో ఇమ్మాన్యుయేల్ గారు, ఆయన అత్తగారు జోసఫిన్ గారు.

జోసఫిన్ గారు నరసాపురం మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చిన కొత్తలో ఎక్కువగా గదిలోనే ఉండేవారట. మనవరాలికి తెలుగు అంతంతమాత్రం, ఆవిడకు మనవరాలి ఉచ్చారణ అందదు. “తిన్నావా అమ్మా”, “యెస్ అమ్మమ్మా” దగ్గరే మాటలు అయిపోయేవి. ఈ పడవ కథ వచ్చాక ఇద్దరూ వంటింట్లో కూడా వాదించుకుంటున్నారు. “పిల్లల్ని వదిలేసి వెళ్ళిన మనిషిని వెతకడమెందుకే,” అని అమ్మమ్మ. “నో అమ్మమ్మా, షీ హాడ్ ఎ రీజన్,” అని మనవరాలు. శనివారం భోజనాలు కాగానే ఇమ్మాన్యుయేల్ గారి చూపు ముందుగా అత్తగారి గది తలుపు మీదికే పోయేది. ఆవిడ వచ్చి కూర్చున్నాకే టీవీ పెట్టేవారు.

ఇక ఆపడం సంగతి. ఆపితే ఆపారు, ఎక్కడ ఆపుతారన్నదే కౌశిక్‌ని తికమక పెట్టింది.

“ఆగండాగండి,” అన్నారాయన మొదటి వారమే. తెరమీద ఓ గోడ. దాని ముందు నిలబడి ఓ ముసలాయన ఏదో చెబుతున్నాడు. “ఆ గోడ చూడవయ్యా కౌశిక్. ఏం గోడ. ఎంత నెమ్మదిగా ఉందో.”

“అంకుల్, అది ఉత్త గోడ. పని తప్పించుకోనీకి గట్ల గీస్తరు. బొమ్మ కదలదు, నోరొక్కటే ఆడిస్తరు.”

“అదే కదా గొప్ప. కదలకుండా ఉండటం సులువా?”

అబిగేల్ దిండులో మొహం దాచుకుంది. “డాడీ, ఇట్స్ జస్ట్ ఎ వాల్.”

“నీకు తెలియదమ్మా. అత్తయ్య గారూ, మీరు చెప్పండి, ఎలా ఉంది గోడ?”

“బానే ఉంది,” అన్నారు జోసఫిన్ గారు, కళ్ళు తెరమీదినుంచి తిప్పకుండా.

పోనీ, మనిషికి గోడలంటే ఇష్టమేమో అనుకుందామా? తర్వాతి వారం తుఫాను వచ్చింది. ఆ తుఫాను గురించి కౌశిక్ నెల నుంచి ఊరిస్తున్నాడు. మబ్బుల్లో పడవ తిరగబడుతుంటే ఒక్కొక్క తరగా చేత్తో గీసిన నీళ్ళు, తెరచాప చిరుగుల్లోంచి వెలుతురు, చెల్లెలి జుట్టు ఒక పక్కకు, తాడు మరో పక్కకు. ఒక్క మాట లేదు, గాలి చప్పుడే. చిన్నప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయిన చోటు అది. కౌశిక్ వెనక్కి తిరిగి చూశాడు. ఇమ్మాన్యుయేల్ గారు తాపీగా చెవి గోక్కుంటున్నారు.

“అంకుల్, ఆపుండ్రి. ఇక్కడ ఆపుండ్రి.”

“ఎందుకయ్యా, బానే పోతోందిగా,” అన్నారాయన. తుఫాను వెళ్ళిపోయింది. పడవలో పిల్లలిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. టక్కున ఆపారు. “ఆ బకెట్ చూడు. అమోఘం.”

కౌశిక్‌కి ఏడుపొకటే తక్కువ. ఆయనది మందుల కంపెనీలో మాత్రల నాణ్యత చూసే ఉద్యోగం కదా, రోజంతా కదలని వాటినే చూసీ చూసీ కళ్ళు అలా అలవాటు పడ్డాయేమో అనుకున్నాడు. చత్వారమేమో అనుకున్నాడు. ఒక దశలో తన మీదే అనుమానం వచ్చింది. గోడలో నిజంగా ఏదో ఉందేమో, తనకు ఆ రసికత లేదేమో. గదిలో కూర్చుని లాప్‌టాప్‌లో ఆ గోడను పెట్టుకుని, పరీక్షకు చదవాల్సిన సాయంత్రమంతా చూశాడు. అది గోడలాగే ఉంది.

చివరి ఎపిసోడ్ రోజు ఇమ్మాన్యుయేల్ గారు ఇంట్లో లేరు. చర్చికి వస్తున్న పాస్టరు గారిని నూవర్క్ ఎయిర్‌పోర్ట్‌ నుంచి తీసుకురావడానికి వెళితే ఫ్లైట్ లేటైంది. ఫోన్ చేశారు.

“మీరు మొదలుపెట్టేయండయ్యా. రిమోట్ నువ్వు పట్టుకో. అక్కడక్కడా ఆపు. నచ్చిన చోట ఆపు.”

కౌశిక్‌కి పండగొచ్చినట్టయింది. రిమోట్ అందుకుని దర్జాగా సోఫాలో ఇమ్మాన్యుయేల్ గారి చోట కూర్చున్నాడు. పిల్లల పడవ మంచుకొండ దాటుతుంటే ఆపాడు. పక్షుల గుంపు విడిపోతుంటే ఆపాడు. అబిగేల్ కూడా “దట్స్ సో ప్రెటీ” అంది. ఇదీ చూడటమంటే, అనుకున్నాడు.

అన్నాచెల్లెళ్ళు ఓ ఇంటి ముందు దిగారు. తలుపు తెరుచుకుంది. తల్లి. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది, ఎందుకు వెళ్ళిపోయిందో చెబుతోంది. కింద అక్షరాలు రెండేసి వరుసలు వచ్చిపోతున్నాయి. కౌశిక్ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ బాకీ.

“నాకు కళ్ళు లాగుతున్నాయమ్మా. మీరు చూడండి,” అంటూ జోసఫిన్ గారు సోఫా చెయ్యి పట్టుకుని లేవబోయారు.

అప్పుడు అటు తిరిగాడు కౌశిక్. ఇన్ని వారాలూ ముందు కార్పెట్ మీద కూర్చున్న వాడు, ఎప్పుడైనా వెనక్కి తిరిగినా రిమోట్ వైపే చూశాడు గానీ ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. లేస్తూ కూడా కింది అక్షరాల్ని కూడబలుక్కుంటున్నారు. రెండో మాట దగ్గర ఉండగానే వరుస మారిపోయింది. ఆవిడ నోరు మూసుకున్నారు.

గోడ ముందు ముసలాయన మాట్లాడుతున్నాడు. బకెట్ పక్కన పిల్లలు మాట్లాడుతున్నారు. తుఫానులో ఎవరూ మాట్లాడలేదు. కౌశిక్‌కి తికమక వీడింది. టక్కున ఆపాడు.

“అమ్మమ్మా, ఒక్క నిమిషం కూసోండ్రి. ఆ తలుపు గొళ్ళెం జూడుండ్రి. ఎంత మంచిగ గీసిండో.”

“నో,” అంది అబిగేల్. “నాట్ యూ టూ.”

జోసఫిన్ గారు కూర్చున్నారు. గొళ్ళెం వైపు చూశారో లేదో గానీ, పెదవులు మాత్రం కదిలాయి. అవి ఆగే దాకా కౌశిక్ గొళ్ళేన్ని పొగిడాడు. ఆ తర్వాత గడపను, చాపను, తల్లి చీలమండను పొగిడాడు. చివరి మాట అయ్యేసరికి ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

“నువ్వన్నది నిజమేనే,” అన్నారు మనవరాలితో. “కారణం ఉంది ఆ తల్లికి.”

“ఐ టోల్డ్ యూ అమ్మమ్మా,” అంటూ అబిగేల్ వచ్చి ఆవిడను ఆనుకుని కూర్చుంది.

పాస్టరు గారిని దింపేసి ఇమ్మాన్యుయేల్ గారు వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. కౌశిక్ ఆయన్ని వంటింట్లో పట్టుకున్నాడు.

“అంకుల్, నాకైన చెప్పొచ్చు గద.”

ఆయన టీ గిన్నె పొయ్యి మీద పెట్టారు. “ఎంతమంది పిల్లలకి చదువు చెప్పిన మనిషయ్యా ఆవిడ. ఈ పడవ కథకి ముందు ఇంకేదో చూస్తుంటే ఓసారి అబిగేల్, ‘అమ్మమ్మా, చదివేశావా’ అనడిగింది. లేచి గదిలోకి వెళ్ళిన మనిషి చానాళ్ళు ఇటు రాలేదు. ఎలా చెప్పమంటావు?”

“మరి తుఫాను? అది మీకు నచ్చలే అనుకున్న.”

“నచ్చకపోవడమేంటి? ఆ తుఫాను లంచ్ టైంలో కారులో కూర్చుని ఫోన్లో ఎన్నిసార్లు చూశానో. ఆ తెరచాప వెలుతురు దగ్గర నాకు అన్నం మీద ధ్యాసే ఉండదు,” అన్నారు. “కానీ గాలి మాట్లాడదు కదయ్యా.”

ఇంతలో జోసఫిన్ గారు కప్పులు తీసుకోవడానికి వచ్చారు. అల్లుడు టీపొడి డబ్బా కోసం పక్కకు తిరగగానే కౌశిక్ చెవి దగ్గర మెల్లగా అన్నారు. “మా అల్లుడి పిచ్చి నీకూ అంటుకుందా నాయనా? గోడలో ఏముందో నాకూ తెలీదు. ఆయన అంత ప్రేమగా చూపిస్తుంటే కాదనలేక చూస్తున్నట్టు కూర్చుంటాను. నువ్వూ ఆయన్ని ఏమీ అనకు.”

కౌశిక్ ఆవిడకు ట్రే అందించాడు.

“వచ్చే శనివారం ఏం పెడతారు అల్లుడు గారూ?” అన్నారావిడ ఈసారి పైకే. “కాస్త మాటలెక్కువున్నది పెట్టండి. ఈ గాలివానలు నాకు విసుగు.”

“మాటలెక్కువుంటే గోడలు కూడా ఎక్కువే ఉంటాయి అత్తయ్య గారూ.”

“ఉండనివ్వండి,” అన్నారు జోసఫిన్ గారు, కప్పులు ట్రేలో సర్దుతూ. “ఏం చేస్తాం, చూద్దాం.”