మా నాయన ట్రాక్టర్‌లో నేను పోసిన డీజిల్

నవ్వొస్తే నవ్వండి, నేనేం అనుకోను. కానీ సగంలో నవ్వి లేచిపోవద్దు, పూర్తిగా విని నవ్వండి. మా నాయన పోయాడని, కర్మలయ్యేదాకా బంకుకు సెలవు పెట్టానని మీకు తెలుసు. ఆయన్ని సాగనంపేటప్పుడు నేను చేసిన నిర్వాకం మాత్రం ఇంకా మీ దాకా రాలేదు. మా ఊరి పక్కన ఆళ్లగడ్డలో అప్పుడే అందరికీ తెలిసిపోయింది. రేపో మాపో ఏ బస్సు డ్రైవరో నంద్యాలకు కూడా మోసుకొస్తాడు. వాడు ఉప్పూ కారం వేసి చెప్పేకంటే నేనే చెప్పుకోవడం మర్యాద. టీ చెప్పండి.

నా పని మీకు తెలిసిందే. పొద్దస్తమానం పెట్రోలు బంకులో గొట్టం పట్టుకుని నిలబడతాను. లారీ గానీ జీపు గానీ, దూరం నుంచి శబ్దం వింటే చాలు, ఏ గొట్టం తీయాలో చెప్పేస్తాను. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉంది. కాస్తేం లెండి, బాగానే ఉంది. ఉండేది అనాలి ఇప్పుడు.

మా నాయన నరసన్నకు ఒక ట్రాక్టర్ ఉండేది. బేతంచెర్లలో బండలు తోలే ఆసామి ఒకాయన వదిలించుకుంటుంటే కొన్నాడు. ఎప్పుడో దొరల కాలంలో ఓడెక్కి వచ్చిన బండి. ముందర హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ లేవదు. దాని మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేవాడు కాదు. కొడుకునని నాకైనా మినహాయింపు లేదు. "నీకు నంద్యాలలో గొట్టం ఉండాది కదా, దాన్ని పట్టుకో పో" అనేవాడు. ఊరు లేవకముందే లేచి, తనే ఏదో పోసుకుని, తనే తిప్పుకుని చేనికి పోయేవాడు. ఏం పోసేవాడో నేనెప్పుడూ అడగలేదు. ట్రాక్టర్ అంటే డీజిలే కదా! అడగడానికి ఏముంది అందులో?

వానలు మొదలయ్యేసరికి మంచం పట్టాడు. బండి కొట్టంలో మూలపడింది. ఒక ఆదివారం నేను పోతే పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఓబులేసూ, నన్ను ఎవురి భుజాల మీదా ఎక్కియ్యొద్దండి. బతికినన్నాళ్లూ ఎవుర్నీ నన్ను మొయ్యమని అడగలే. నా బండి మీదనే చేనికి పోతా. అదొక్కటి చెయ్యి చాలు."

"అట్లాగే నాయనా" అని చేతిలో చెయ్యి వేశాను. ఆయన నన్ను అడిగిన కోరిక అదొక్కటే. అంతకుముందు ఏదీ అడిగిన గుర్తు లేదు నాకు.

పోయిన కబురు ఆళ్లగడ్డ బస్సు డ్రైవరే బంకు దగ్గర ఆపి చెప్పాడు. ఆ బస్సే ఎక్కాను. పోయేసరికి ఇంటి ముందు జనం, లోపల ఏడుపులు. పాడె కడుతున్నారు. ఏడవాల్సినంత ఏడ్చి, కళ్లు తుడుచుకుని కొట్టంలోకి పోయాను. చూస్తే ట్రాక్టర్‌కు ఒకటి కాదు, రెండు ట్యాంకులున్నాయి. చిన్నదొకటి, పెద్దదొకటి. రెండూ ఎండిపోయి ఉన్నాయి.

మా చిన్నాయన మద్దిలేటి వచ్చి నిలబడ్డాడు. "పెట్రోలు రా అబ్బీ. ఆ చిన్నదాంట్లో పెట్రోలు పోస్తాంటే ఒకసారి నా కండ్లారా చూసినా."

"మరి పెద్దదాంట్లో?"

"అది నేను సూల్లేదు."

మా చెల్లెలి మొగుడు సుంకన్న పెద్ద ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టాడు. "బావా, ఇదేందో లాంతరు వాసన వస్తాంది."

నేను నవ్వాను. తండ్రి శవం వాకిట్లో ఉండగా నవ్వడం తప్పే, అయినా నవ్వొచ్చింది. "సుంకన్నా, పొద్దున లేస్తే ట్రాక్టర్లకు కొట్టేది నేను. చిన్నది పెట్రోలు, స్టార్టింగుకు. పెద్దది డీజిలు, నడిచేదానికి. దీంట్లో పంచాయితీ ఏముండాది?" అన్నాను. బంకు మనిషి చెప్పాక ఇంకెవరు మాట్లాడతారు? ఆళ్లగడ్డకు సైకిలు పంపించి సీసాలో పెట్రోలు, క్యానులో డీజిలు తెప్పించాను. నా చేత్తో నేనే పోశాను.

సుంకన్న హ్యాండిల్ తిప్పాడు. ఏం చెప్పమంటారు! రెండో తిప్పుకే లేచింది. అన్ని నెలలు మూలనపడ్డ బండి టకటకమని పలికేసరికి జనమంతా "నరసన్న బండి లేచెరా!" అని ముక్కున వేలేసుకున్నారు. లోపల మా అమ్మ ఏడుపు ఒక్కసారి ఎక్కువైంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాననుకున్నాను.

పాడెను ట్రాలీలో పెట్టారు. నడిపేది సుంకన్న. నేను కొడుకును కదా, తడిపంచతో నిప్పు కుండ పట్టుకుని ముందు నడవాలి. వెనక ట్రాక్టర్, దాని వెనక మగవాళ్లు, ఆ వెనక ఆడవాళ్లు. మా ఊళ్లో ఆడవాళ్లు ఊరి చివర కల్వర్టు దాకే వస్తారు. అక్కడ ఆగి వెనక్కి తిరగడం ఆనవాయితీ. మా అమ్మను ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు.

కల్వర్టు దగ్గరికి వస్తుండగా శబ్దం సన్నబడింది. సీసాలో పట్టేంత పెట్రోలు ఎంతసేపు వస్తుంది? నేను నడుస్తూనే వెనక్కి తిరిగి అరిచాను. "సుంకన్నా, కింద కొళాయి ఉండాది చూడు, పెద్ద ట్యాంకుకు తిప్పు!" నాయన కూడా కాసేపయ్యాక వంగి అదే కొళాయి తిప్పడం చిన్నప్పుడు చూశాను. అంతవరకు నా చదువు సరైనదే.

తిప్పాడు. బండి ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. తర్వాత పొగ వచ్చింది చూడండి, అది మామూలు పొగ కాదు. పాడె కనపడలేదు, ట్రాలీ కనపడలేదు, సుంకన్న అసలే కనపడలేదు. పొగలోంచి దగ్గులు మాత్రం వినపడుతున్నాయి. మా నాయన మీద వేసిన పూలదండలు నల్లబడ్డాయి. చివరికి ఇంజను ఢామ్మని ఒక శబ్దం చేసి నిలిచిపోయింది.

నేను ఉండబట్టలేక ట్రాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. బానెట్ మీదికి వంగబోతుంటే చిన్నాయన రెక్క పట్టి లాగాడు.

"యాడికిరా పోతాండావ్! చేతిలో నిప్పు పెట్టుకొని పెట్రోలు బండి కాడికి పోతావా? అన్నను పంపించేదానికొస్తే నువ్వు గూడా తోడు పోయేట్టుండావే!"

అప్పుడు గుర్తొచ్చింది నా చేతిలో కుండ ఉందని. దారిలో కింద పెట్టకూడదంటారు, ఎవరికైనా ఇద్దామంటే కొడుకు తప్ప ఇంకొకరు పట్టుకోకూడదంటారు. పట్టుకుందామంటే బండి దగ్గరికి పోకూడదు. రోడ్డుకు ఇవతల నిలబడి, దూరం నుంచే "ఆ ప్లగ్గు చూడు, ఈ గొట్టం ఊదు" అని అరుస్తున్నాను. సుంకన్న తిప్పి తిప్పి చొక్కా విప్పేశాడు. బండి లేవలేదు.

ఎవరో ముసలాయన అన్నాడు, "ఎద్దుల్ని కట్టండప్పా, లాక్కొని పోతాయి." ఇంకొకాయన "ఎద్దులెందుకు, నలుగురం మోసుకొని పోదాం" అన్నాడు. ఎవరి భుజాల మీదా ఎక్కించొద్దన్న మనిషిని భుజాల మీద వేసుకోవాలా? నా మాట ఏమైపోవాలి?

ఎండ పెరిగిపోతోంది. పాడెను ట్రాలీలో ఎండకు ఉంచలేక దింపి కల్వర్టు పక్కన నీడలో పెట్టారు. పెట్టగానే పెద్దలు, "దింపింది ఎట్లాగూ దింపినాము, దింపుడు కళ్లం ఈడనే కానీయండి" అన్నారు. మీకు తెలుసు కదా, దారిలో ఒకచోట పాడె దింపి, పోయిన మనిషి చెవిలో కొడుకు మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతారేమో అని. ఈ తంతుకు కుండ దింపొచ్చని చిన్నాయన చెప్పగా దాన్ని దూరంగా రాయి మీద పెట్టి వచ్చి కూర్చున్నాను.

ఆడవాళ్లు ఏడుపు ఆపి చూస్తున్నారు.

వంగి చెవి దగ్గర "నాయనా" అన్నాను. చెవికి మసి అంటుకుని ఉంది. నా డీజిల్ మసే. పంచె కొంగుతో తుడిచాను. రెండోసారి "నాయనా" అనేసరికి దుఃఖం తన్నుకొచ్చింది. చిన్నాయన వీపు మీద తట్టి, "గట్టిగా పిల్చు నాయనా, ఇంగొక్కసారి" అన్నాడు.

మూడోసారి గట్టిగానే పిలిచాను. పిలుపు ఒక్కటే అయితే బాగుండేది. నా నోట్లోంచి ఏం వచ్చిందంటే,

"నాయనా! దాంట్లో ఏం పోసేవాడివి నాయనా!"

దేవుడి తోడు, కావాలని అనలేదు. పొద్దున్నుంచి మనసులో అదొక్కటే తిరుగుతోంది, అదే బయటపడింది. ఊరంతా విన్నది. సుంకన్న హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కల్వర్టు కింద నీళ్లు పోతున్న శబ్దం వినిపించింది. భూమి చీలితే అందులోకి దూకుదామనిపించింది.

అప్పుడు ఆడవాళ్ల గుంపులోంచి జవాబు వచ్చింది.

"కిరసనాయిలు రా!"

మా అమ్మ. పట్టుకున్న ఇద్దర్నీ విదిలించుకుని ముందుకొచ్చింది.

"కిరసనాయిలు రా నా కొడకా! రేషను కార్డు మీద ఇచ్చే చమురంతా నా లాంతర్లలోంచి ఎత్తుకపోయి దానికే తాపినాడు కదరా మీ నాయన! ఊరు చూస్తే యాడ డీలరుకు చెప్తారో అని చీకట్లోనే పోసేవాడు. దీపం లేక ఎన్ని పొద్దులు తడుముకుంటా రొట్టెలు కాల్చినానో నాకు తెలుసు. పొద్దున్నుంచి మగోళ్లంతా చేరి వాసన చూస్తిరి, నాకి చూస్తిరి. ఇంట్లో దాన్ని నేనున్నానే, నన్నొక మాట అడిగినారా?"

ఎవరం అడగలేదు. చచ్చిపోయినాయన్ను అడిగాను గానీ, బతికున్నామెను అడగాలని తట్టలేదు నాకు. నిజంగా చెబుతున్నాను, నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

తర్వాత అంతా అమ్మ చెప్పినట్టే. సుంకన్న కొళాయి విప్పి డీజిలంతా మళ్లీ క్యానులోకి వంచాడు. ప్లగ్గులు తుడిచాడు. సీసా అడుగున మిగిలిన పెట్రోలు చిన్న ట్యాంకులో పడింది. కిరసనాయిలు ఎక్కడిది? ఆడవాళ్లు ఇళ్లకు పరిగెత్తారు. బుడ్డీలు, లాంతర్లు, సీసాలు, ఎవరింట్లో ఏది ఉంటే అది పట్టుకొచ్చి ట్యాంకులో వంచారు. మా నాయనతో గట్టు తగాదా పెట్టుకున్న ఇంటివాళ్లు కూడా ఒక డబ్బా తెచ్చి మాట్లాడకుండా పోసిపోయారు.

బండి లేచింది. సుంకన్న వెంటనే కొళాయి మీద చెయ్యి వేస్తే అమ్మ గదమాయించింది. "ఉండు! కాగల్ల అది." ఇంకేముంది, శవం, బంధువులు, ఊరు ఊరంతా ఇంజను కాగడానికి కాచుకున్నాం. అమ్మ ఇంజను రేకు మీద అరచెయ్యి పెట్టింది. "ఇంగా కాగలేదు" అంది. ఇంకాసేపయ్యాక మళ్లీ పెట్టింది. ఆ చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు. "ఊ, ఇప్పుడు తిప్పు" అని వెనక్కి జరిగింది. శబ్దం ఒక్కసారి మారింది. తెల్లారుజామున దుప్పట్లోంచి నేను విన్న శబ్దం అదే. పాడెను మళ్లీ ట్రాలీలో పెట్టారు. నేను కుండ పట్టుకుని ముందు నడిచాను. చేనిదాకా బండి ఆగలేదు. మా నాయన ఎవరి భుజాల మీదా ఎక్కకుండానే పోయాడు.

చితి అంటించి, కాలువలో మునిగి ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. మా ఊళ్లో కరెంటు స్తంభాలు నాటారు గానీ తీగలు ఇంకా లాగలేదు. వాకిట్లో నిండా చుట్టాలు, ఒకరి మొహం ఒకరికి కనపడటం లేదు. వీధి వైపు చూస్తే అదే తీరు. ఒక్క ఇంట్లో దీపం లేదు. ఊళ్లో ఉన్న చమురంతా చేనిగట్టున ట్రాక్టర్‌లో ఉంది.

అమ్మ అరుగు మీద చీకట్లో కూర్చుని ఉంది. పోయి పక్కన కూర్చున్నాను. అమ్మ తనలో తను అనుకున్నట్టు అంది.

"చూడు వాని యవ్వారం. బతికినన్నాళ్లూ నాకు దీపం లేకుండా చేసె. పోతా పోతా ఊరందరికీ లేకుండా చేసిపాయె."

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ చీకట్లో నాకు తెలియలేదు. ఏదో ఒకటి చేసి ఆమె ముందు దీపం వెలిగించాలనిపించింది. నిజంగానే అనిపించింది. చూస్తే అరుగు పక్కనే క్యాను ఉంది, నిండుగా.

"అమ్మా, లాంతర్లో డీజిలు పోస్తే వెలగదా?" అన్నాను.

అమ్మ కొంగు తీసి నా వైపు తిరిగింది.

"నాయనా ఓబులేసూ" అంది చాలా మెల్లగా, "ఏది దేంట్లో పొయ్యాల్నో నువ్వు మాత్రం చెప్పొద్దు."